లా కాంకార్డ్ ఓడను కావాలనే ఒడ్డుకెక్కించారా?

గత సంచికలో కరీబియన్ సముద్రపు దొంగల గురించి రాస్తూ, బ్లాక్‌బియర్డ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ థాచ్ నడిపిన ‘క్వీన్ ఆన్స్ రివెంజ్’ ఓడ మొదట ‘లా కాంకార్డ్’ అనే ఫ్రెంచి ప్రైవేటీరు అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోయాము. ఎక్కువ ఉత్తరాలు ఆ ఒక్క వాక్యం మీదే వచ్చాయి. వాటిలో ఐదింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక చరిత్ర అధ్యాపకుడు): ప్రైవేటీరు అంటే ప్రభుత్వం అనుమతించిన సముద్రపు దొంగేనా? లా కాంకార్డ్ ఎవరిది, ఏ యుద్ధంలో పనిచేసింది?

జవాబు: ప్రైవేటీరు రాజుగారి నౌకాదళపు ఓడ కాదు, అలాగని దొంగ ఓడా కాదు. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక షావుకారు సొంత పెట్టుబడితో ఓడను సిద్ధం చేసి, దానికి ఫిరంగులు అమర్చి, నావికులను కుదుర్చుకుని, శత్రుదేశపు వాణిజ్య నౌకలను పట్టుకోవడానికి ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి పొందేవాడు. పట్టుకున్న ఓడను నేరుగా అమ్ముకునే వీలు అతనికి లేదు. అది నిజంగా శత్రువులదేనా, పట్టుకున్న తీరు నిబంధనల ప్రకారం ఉందా అన్నది ఫ్రాన్సులో ఇందుకోసమే ఉన్న మండలి తేల్చేది. తేలిన తర్వాత సొమ్ములో పదోవంతు ఫ్రాన్సు నౌకాధిపతికి పోగా, మిగిలింది పెట్టుబడి పెట్టినవారూ నావికులూ పంచుకునేవారు. అనుమతి పత్రం ఉన్నవాడు శత్రువుల చేతికి చిక్కితే యుద్ధఖైదీ అవుతాడు. అది లేకుండా అదే పని చేసినవాడు ఉరికంబం ఎక్కుతాడు. చట్టం దృష్టిలో ఇద్దరికీ ఉన్న తేడా ఆ కాగితం ముక్క ఒక్కటే. దోపిడీకి గురైన ఓడలోని వారికి మాత్రం ఆ తేడా పెద్దగా కనిపించి ఉండదు.

పద్నాలుగో లూయీ కాలం చివరలో, స్పెయిను సింహాసనం కోసం 1701లో మొదలైన యుద్ధం సుదీర్ఘంగా సాగి ఖజానా వట్టిపోయినప్పుడు, పెద్ద నౌకాదళాన్ని పోషించలేని ఫ్రాన్సు సముద్రపు పోరును చాలావరకు షావుకార్లకు వదిలేసింది. సెయింట్ మాలో, డన్‌కర్క్, నాంట్ రేవులు ఈ వ్యాపారంతో కూడా బలిశాయి. సెయింట్ మాలోకు చెందిన దుగే త్రువాన్ 1711లో షావుకార్ల డబ్బుతో, రాజు అరువిచ్చిన ఓడలతో వెళ్ళి బ్రెజిల్‌లోని రియో డి జనీరో నగరాన్నే పట్టుకుని, పరిహారం వసూలు చేసుకుని వచ్చాడంటే ఇది ఎంత పెద్ద ఎత్తున సాగిందో ఊహించవచ్చు.

లా కాంకార్డ్ నాంట్ రేవుకు చెందిన రెనే మోంటోడువాన్ అనే పెద్ద షావుకారుది. 1710లో అది ప్రైవేటీరుగా బయలుదేరి, ఆఫ్రికా తీరంలోనూ కరీబియన్ దీవుల దగ్గరా శత్రునౌకలను పట్టుకుంది. 1713లో సంధి కుదిరాక ఆ అనుమతులకు కాలం చెల్లింది. వేగంగా నడిచే, ఫిరంగులు మోయగల, మనుషులను కుక్కడానికి చాలినంత చోటున్న ఓడను మోంటోడువాన్ ఊరికే రేవులో కట్టి ఉంచలేదు. 1713లో, 1715లో, 1717లో దానిని ఆఫ్రికాకు బానిసల కోసం పంపాడు.

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు): ఫిరంగులున్న ఓడ దొంగలకు అంత తేలికగా ఎలా చిక్కింది? అందులో ఉన్న బానిసలు ఏమయ్యారు?

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్న వేసినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మాకు వచ్చిన ఉత్తరాలలో ఆ సంగతి అడిగినవారు మీరొక్కరే.

1717 మార్చి 24న 75 మంది సిబ్బందితో లా కాంకార్డ్ నాంట్ నుంచి బయలుదేరింది. కెప్టెన్ పేరు పియేర్ డోసే. జులై 8న అది పశ్చిమ ఆఫ్రికాలోని జుదా రేవు చేరింది. ఈనాటి బెనిన్ దేశంలోని విదా పట్టణమే అది. అక్కడ 516 మంది ఆఫ్రికన్లను కొని ఓడలో ఎక్కించారు. ఆ కాలంలో విదా బజారులో మనుషులను కొనడానికి ఐరోపా వర్తకులు పట్టుకెళ్ళిన సరుకులో మాల్దీవుల గవ్వలకూ, మన కోరమాండల్ తీరంలో నేసిన నూలుబట్టలకూ పెద్ద వాటా ఉండేది. గవ్వలు అక్కడ నాణేలుగా చెలామణి అయ్యేవి. చిన్నప్పుడు మనం వైకుంఠపాళి ఆడిన గవ్వల వంటివే, ఆఫ్రికా అట్లాంటిక్ తీరాన ఒక మనిషి ఖరీదును లెక్కగట్టేవి.

సముద్రం దాటడానికి దాదాపు ఎనిమిది వారాలు పట్టింది. మార్టినిక్ దీవికి ఇంకా 100 మైళ్ళలోపు ఉందనగా, నవంబరు 28న, బ్లాక్‌బియర్డ్ ముఠావి రెండు దొంగ ఓడలు ఎదురుపడ్డాయి. ఒకదానిలో 120 మంది మనుషులు, 12 ఫిరంగులు. రెండోదానిలో 30 మంది, 8 ఫిరంగులు. అప్పటికి లా కాంకార్డ్‌లో 61 మంది బానిసలు, 16 మంది సిబ్బంది చనిపోయి ఉన్నారు. మరో 36 మంది నావికులు స్కర్వీతో, రక్త విరేచనాలతో మంచం పట్టారు. మొత్తం 75 మందిలో కాళ్ళ మీద నిలబడగలిగినవారు 23 మంది. ఫిరంగులు ఎన్ని ఉంటే ఏమి, వాటిని దట్టించి పేల్చే చేతులు ఉండాలి కదా. రెండు విడతల కాల్పుల తర్వాత డోసే లొంగిపోయాడు.

దొంగలు ఓడను గ్రెనడీన్స్ దీవులలోని బెకియాకు తీసుకెళ్ళారు. అధికారుల దగ్గర దాచిన బంగారు రజను ఉందని ఓడలో పనిచేసే కుర్రవాడు లూయీ అరో దొంగలకు చెప్పేశాడు. అతనితో కలిపి నలుగురు ఇష్టపూర్వకంగానే దొంగల్లో చేరారు. మరో పది మందిని వాళ్ళు బలవంతంగా తమతో ఉంచుకున్నారు. ఆ పది మందిలో ముగ్గురు వైద్యులు, వడ్రంగులు, ఒక వంటవాడు, ఓడకు దారి చూపే పైలట్ ఉన్నారు. దొంగలకు ఏ పనివాళ్ళ కొరత ఉండేదో ఈ జాబితా చూస్తే తెలిసిపోతుంది.

బానిసలను బెకియా తీరంలో దింపారు. ఫ్రెంచివారికి దొంగలు వదిలిందల్లా తమ రెండు ఓడలలో చిన్నదీ, కొంత చిక్కుడు గింజల మూటలూ. ఆ చిన్న ఓడకు ఫ్రెంచివారు ‘మోవేజ్ రాంకోంత్ర్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాటకు ‘చెడ్డ ఎదురుపాటు’ అని అర్థం. దానిలో రెండు దఫాలుగా బానిసలను మార్టినిక్‌కు చేరవేసి అమ్ముకున్నారు. ఆ మనుషుల విషయంలో జరిగిన మార్పు ఇంతే: ఏ రేవులో అమ్ముడుపోవాలని బయలుదేరదీశారో ఆ రేవుకే వేరే ఓడలో వెళ్ళారు. బ్లాక్‌బియర్డ్ వారిని విడిపించాడని కొన్ని కథల్లో కనిపిస్తుంది. అది నిజం కాదు. వారిలో కొందరిని అతడు తన దగ్గరే ఉంచుకున్నాడు, మిగతావారిని వారి యజమానులకే వదిలేశాడు.

ఈ వివరాలన్నీ మనకు తెలియడానికి కారణం రెండు పత్రాలు. మార్టినిక్‌లోని ఫ్రెంచి అధికారి మెనియే 1717 డిసెంబరు 10న రాసిన ఉత్తరం ఒకటి. ఓడలో లెఫ్టినెంటుగా పనిచేసిన ఫ్రాన్స్వా ఎర్నో మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నాంట్‌కు తిరిగి వెళ్ళి ఇచ్చిన వాంగ్మూలం రెండోది.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి వాణిజ్య నౌకల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పాఠకుడు): బ్లాక్‌బియర్డ్ ఈ ఓడను తానే కావాలని ఇసుకలోకి ఎక్కించాడని చదివాను. ఓడలో బతికిన ఏ మనిషీ అలా చేస్తాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మీ అభిప్రాయం ఏమిటి?

జవాబు: ఓడ పోవడం చుట్టూ ఉన్న అసలు మిస్టరీ ఇదే కాబట్టి కొంచెం విస్తారంగానే చెబుతాము.

థాచ్ ఓడ పేరు మార్చి ‘క్వీన్ ఆన్స్ రివెంజ్’ అన్నాడు, అంటే ‘ఆన్ రాణి పగ’. అదనంగా ఫిరంగులు అమర్చి దాన్ని 40 ఫిరంగుల ఓడను చేశాడు. 1718 మే నెలలో దానితో పాటు మూడు చిన్న ఓడలను వెంటబెట్టుకుని దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ రేవును సుమారు వారం రోజులు దిగ్బంధించాడు. పట్టణంలో పేరున్న మనుషులను బందీలుగా పట్టుకుని అతడు అడిగిన పరిహారం బంగారం కాదు, ఒక మందుల పెట్టె. అది అందగానే ఉత్తరంగా బయలుదేరి, జూన్ 10 ప్రాంతంలో ఉత్తర కరోలినాలోని టాప్‌సెయిల్ మొగలోకి దూరబోయాడు. దానినే ఇప్పుడు బోఫోర్ట్ మొగ అంటున్నారు. మొగ దగ్గర ఇసుక మేట తగిలి పెద్ద ఓడ కదలకుండా నిలిచిపోయింది. దాన్ని లాగడానికి వచ్చిన ‘అడ్వెంచర్’ అనే చిన్న ఓడ కూడా పక్కనే ఇసుకలో కూరుకుపోయింది.

కావాలనే చేశాడన్న మాట మొదట చెప్పినవాడు డేవిడ్ హెరియట్. అడ్వెంచర్ ఓడ దొంగల చేతికి చిక్కకముందు అతడే దాని కెప్టెన్. ఆ ఏడాది అక్టోబరులో స్టీడ్ బోనెట్ అనే మరో సముద్రపు దొంగ ముఠాపై చార్ల్‌స్టన్‌లో జరిగిన విచారణకు హెరియట్ ఇచ్చిన వాంగ్మూలంలో, థాచ్ తన బృందాన్ని ముక్కలు చేసి, సొమ్మంతా తనకూ తనకు ఇష్టమైన కొద్దిమందికీ దక్కేలా ఉద్దేశపూర్వకంగానే ఓడను ఒడ్డుకెక్కించాడని అందరూ నమ్మారని ఉంది. ఆ తర్వాత జరిగినది చూస్తే ఆ అనుమానం సహజమే. సుమారు 40 మంది తెల్లవారితో, 60 మంది నల్లజాతివారితో థాచ్ ఒక చిన్న స్పానిష్ ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. ఎదురు చెప్పిన 17 మందిని ఒక ఇసుక దిబ్బ మీద తిండి లేకుండా వదిలేశాడు; వారిలో హెరియట్ ఒకడు. ఆ తర్వాత థాచ్ బాత్ పట్టణం చేరి, ఉత్తర కరోలినా గవర్నరు చార్ల్స్ ఈడెన్ దగ్గర, సముద్రపు దొంగలకు బ్రిటన్ రాజు ప్రకటించిన క్షమాభిక్ష పొందాడు. క్షమాభిక్షకు గడువు 1718 సెప్టెంబరు 5. దొంగతనం మానేసినట్టు చూపించాలంటే 40 ఫిరంగుల ఓడా, వందల మంది అనుచరులూ అడ్డమే.

ఇంత బలమైన వాదన ఉన్నా, మా అభిప్రాయం మాత్రం మీ వైపే మొగ్గుతోంది. హెరియట్ మాటలను మరోసారి చదవండి. ‘అలా నమ్మారు’ అంటున్నాడే తప్ప, చూశానని అనలేదు. పైగా అతడు ఓడను పోగొట్టుకున్నవాడు, దిబ్బ మీద ఆకలితో వదిలేయబడ్డవాడు, ప్రాణం దక్కించుకోవడానికి ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెబుతున్నవాడు. ఆ దిబ్బ మీద రెండు రోజులు కూర్చున్న ఎవరికైనా ముందునుంచీ కుట్ర జరిగిందనే అనిపిస్తుంది. వర్జీనియాలో ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక ‘లైమ్’ కెప్టెన్ ఎలిస్ బ్రాండ్ జులై 12న లండనుకు రాసిన ఉత్తరంలో, 40 ఫిరంగుల పెద్ద దొంగ ఓడ ఒకటి టాప్‌సెయిల్ మొగలోకి వెళ్ళబోయి మేటలో చిక్కుకుని పోయిందని, ఒక చిన్న ఓడ కూడా పోయిందని మాత్రమే ఉంది. కుట్ర మాట అందులో లేదు. ఆ వార్త కూడా ఆయనకు ఇతరుల ద్వారా అందినదే, కానీ ఆయనకు థాచ్ మీద కసి పెంచుకోవడానికి సొంత నష్టం ఏదీ లేదు.

మూడో సాక్ష్యం సముద్రం అడుగున దొరికింది. శిథిలాల గుట్టకు దూరంగా ఒక చిన్న లంగరు విడిగా పడి ఉంది. ఇసుకలో దిగబడిన ఓడను ఎలా కదిలిస్తారో మీకు మేము చెప్పనవసరం లేదు, కానీ మిగతా పాఠకుల కోసం రాస్తున్నాము. చిన్న లంగరును పడవలో వేసుకుని లోతు నీళ్ళ వైపు తీసుకెళ్ళి వదులుతారు. లంగరుకు కట్టిన మోకు రెండో కొసను ఓడ మీది నిలువు రాట్నానికి చుట్టి, పది మంది గుండ్రంగా తిరుగుతూ దాన్ని బిగిస్తారు. లంగరు అడుగున పట్టు దొరకబుచ్చుకుంటే, లంగరు దగ్గరకు ఓడే జరుగుతుంది. ఆ లంగరు పడి ఉన్న తీరు ఇదే ప్రయత్నాన్ని గుర్తు చేస్తోందని పురావస్తు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఓడను వదిలించుకోవాలనుకున్నవాడు ఇంత శ్రమ నటన కోసం చేయించాడనుకోవడం కన్నా, నిజంగానే లాగబోయాడనుకోవడం తేలిక. గోదావరి మొగల్లో వేట చేసే మత్స్యకారులను అడిగితే, కిందటేడు ఉన్న దారి ఈ ఏడు ఉండదని చెబుతారు. కరోలినా తీరంలోని మొగలదీ అదే స్వభావం. అంత బరువైన ఓడను, జరిగిపోయే మేటల మధ్య నుంచి లోపలికి తీసుకెళ్ళబోవడమే దుస్సాహసం.

కాబట్టి ఓడ ఇసుకకు తగలడం ప్రమాదమే అయి ఉంటుందనీ, తగిలాక ఆ ప్రమాదాన్ని తన అనుచరులను వదిలించుకోవడానికి థాచ్ వాడుకున్నాడనీ మేము అనుకుంటున్నాము. ఆ తెలివి అతనికి ఎంతోకాలం పనికి రాలేదు. అదే ఏడాది నవంబరు 22న ఓక్రకోక్ దీవి దగ్గర బ్రిటిష్ నౌకాదళపు లెఫ్టినెంట్ రాబర్ట్ మేనార్డ్ మనుషులతో జరిగిన పోరులో చనిపోయాడు. హెరియట్ కూడా జైలు నుంచి తప్పించుకుపోయి, వెతికి పట్టుకోవడానికి వచ్చినవారి కాల్పుల్లో మరణించాడు.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక ఇంజినీరింగు విద్యార్థి): నీళ్ళలో దొరికిన శిథిలాలు ఈ ఓడవేనని ఎలా తేల్చారు? పేరు రాసిన పలక దొరికిందా? నిధి దొరికిందా?

జవాబు: పేరున్న పలక ఏదీ దొరకలేదు. అందుకే కొందరు నిపుణులు చాలాకాలం సందేహించారు. 1996 నవంబరు 21న ఇంటర్‌సాల్ అనే సంస్థ గాలింపు బృందం, బోఫోర్ట్ మొగకు వెలుపల ఏడెనిమిది మీటర్ల లోతులో లంగర్లూ ఫిరంగులూ గుట్టగా పడి ఉండటం గమనించింది. తొలిరోజే బయటికి తెచ్చిన వస్తువుల్లో 1705 సంవత్సరం చెక్కిన ఒక కంచు గంట ఉంది. తర్వాత ఏళ్ళ తరబడి సాగిన తవ్వకాల్లో వేర్వేరు దేశాల్లో పోతపోసిన ఫిరంగులు వచ్చాయి. స్వీడన్‌లో తయారైనది కూడా వాటిలో ఉంది. ఒకే ప్రభుత్వ ఆయుధాగారం నుంచి ఇన్ని రకాలు రావు. దొరికిన చోటల్లా పోగుచేసుకున్న ఓడలోనే ఉంటాయి. ఓడ వెనుక దూలం మీద నీటి లోతును సూచించే గీతలు ఫ్రెంచి కొలతలో ఉన్నాయి. సన్నని బంగారు రజను కణాలు కూడా దొరికాయి. ఇవన్నీ కలిపి చూసి, 2011లో ఉత్తర కరోలినా ప్రభుత్వం ఇది క్వీన్ ఆన్స్ రివెంజ్ అని అధికారికంగా ప్రకటించింది.

నాణేల పెట్టెలు లేవు. ఓడ ఒక్కసారిగా మునగలేదు కనుక విలువైనవి దించుకోవడానికి వాళ్ళకు కావలసినంత సమయం చిక్కింది.

మీరు ఇంజినీరింగు విద్యార్థి కాబట్టి ఒక వస్తువు గురించి కొంచెం వివరంగా చెబుతాము. అది తగరం మిశ్రమంతో చేసిన చిన్న పిచికారీ. సన్నని గొట్టం, వెనక నొక్కే కాడ, పారిస్ పనివాడి ముద్ర. లోపల మిగిలిన మడ్డిని పరీక్షిస్తే పాదరసం ఆనవాళ్ళు కనిపించాయి. సవాయి రోగానికి (సిఫిలిస్‌కు) ఆ రోజుల్లో పాదరసమే మందు. దాన్ని ఈ గొట్టంతో మూత్రనాళంలోకి ఎక్కించేవారు. బెకియాలో ముగ్గురు ఫ్రెంచి వైద్యులను బలవంతంగా ఆపుకోవడం, చార్ల్‌స్టన్‌లో బంగారానికి బదులు మందుల పెట్టె అడగడం, సముద్రం అడుగున పారిస్ ముద్ర ఉన్న ఈ పిచికారీ దొరకడం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇది ఎవరి ఓడ అన్న ప్రశ్నకు మాకు ఫిరంగుల కన్నా ఈ పిచికారీయే బలమైన జవాబుగా కనిపిస్తుంది.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు): మా అబ్బాయి కుటుంబం అమెరికాలో, ఉత్తర కరోలినా రాజధాని రాలీలో ఉంటుంది. వచ్చే వేసవిలో అక్కడికి వెళుతున్నాము. ఈ ఓడను చూసే వీలుందా?

జవాబు: అమ్మా, ఓడ ఉన్న చోట నీళ్ళలోకి దిగడానికి అనుమతి ఉండాలి. కానీ దానిలోంచి తీసిన వస్తువులను బోఫోర్ట్ పట్టణంలోని ఉత్తర కరోలినా సముద్రయాన మ్యూజియంలో చూడవచ్చు. రాలీ నుంచి కారులో సుమారు మూడు గంటల దారి. ప్రవేశ రుసుము లేదు.

వస్తువులను శుభ్రపరిచే ప్రయోగశాల గ్రీన్‌విల్‌లో, ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. మూడు వందల ఏళ్ళలో ఇనుము చుట్టూ ఇసుక, గవ్వలు, తుప్పు కలిసి రాయిలా గడ్డకట్టాయి. ముందు ఎక్స్‌రే తీసి లోపల ఏముందో చూస్తారు, తర్వాత సన్నని పరికరాలతో పైపొరను కొద్దికొద్దిగా తొలుస్తారు. ఫిరంగిలో ఇంకిన ఉప్పు బయటికి రావడానికి దానిని తొట్టిలో ముంచి విద్యుత్తు పంపుతూ ఏళ్ళ తరబడి ఉంచాలి. తొందరపడి ఆరబెడితే ఇనుము పొరలు పొరలుగా రాలిపోతుంది.

ఫ్రాన్సు వెళ్ళే పాఠకులకు కూడా ఒక మాట. లా కాంకార్డ్ బయలుదేరిన నాంట్ నగరంలో, ల్వార్ నది ఒడ్డున, 2012లో బానిసత్వ నిర్మూలన స్మారకాన్ని తెరిచారు. నడిచే దారిలో నేలలో అమర్చిన రెండు వేల గాజు పలకల్లో ఎక్కువ వాటిపై బానిసల కోసం ఆ రేవు నుంచి వెళ్ళిన ఓడల పేర్లూ, అవి బయలుదేరిన తేదీలూ ఉన్నాయి. మ్యూజియంలో గంటను చూసినవారు, వీలైతే, ఆ పలకలను కూడా చదివి రావాలని మా కోరిక.